దొర కారుకు ఇనుప తొడుగు

దొరకు భయం పట్టుకుందని ఊరంతా లోలోపల సంబరపడింది. ఆ భయం చివరికి వచ్చి తన మెడకే చుట్టుకుంటుందని మాత్రం కమ్మరి సాంబయ్య అనుకోలేదు.

మానుకోట నుంచి గూడూరు పోయే బాట మీద ఉంటుంది ఆ ఊరు. దొర పేరు దామోదర్ రావు. దొరలకు ఎదురు నిలిచే సంఘం వచ్చిన ఏడాదే ఊళ్ళో వెట్టి బందయింది. చాకలి దొర గడిలో బట్టలు ఉతకలేదు, వడ్డెరలు గోడలకు మట్టి మెత్తలేదు, సాంబయ్య గడి నాగళ్ళకు కర్రు కాల్చలేదు. ఇవన్నీ దొర ఎట్లాగో మింగాడు. కానీ పంట కోతల ముందు ఒకనాడు ఆయన కారు మీద వడిసెల రాళ్ళు పడ్డాయి. రెండు అద్దాలు పగిలాయి. దొర నెత్తి మీద నిమ్మకాయంత బొప్పి కట్టింది. ఆ బొప్పి తగ్గకముందే ఆయనకొక ఉపాయం తట్టింది. కారుకు నాలుగు దిక్కులా ఇనుప రేకులు తొడిగించాలి. తుపాకులవాళ్ళను లోపల కూర్చోబెట్టుకుని కల్లాల మీదికి పోవాలి. సర్కారు లెవీ ధాన్యం పేరు చెప్పి, వడ్లు జనం ఇళ్ళకు చేరకముందే ఎత్తుకురావాలి.

ఉపాయం బాగానే ఉంది, చేసే చెయ్యి ఏదీ? వెట్టి మానినవాడు పిలిస్తే వస్తాడా? అందుకని దొర సాంబయ్యను పిలవలేదు. సాంబయ్య తమ్ముడు లింగయ్యను పట్టించి గడిలో ధాన్యం పోసే గల్లా కొట్టులో వేయించాడు. అన్న పట్టుకారుతో ఇనుము పట్టుకుంటే సమ్మెట వేసేది లింగయ్యే. ఊళ్ళో సంఘం జెండా మొదట పట్టిందీ వాడే. ఆ తర్వాత సాంబయ్యను ఎవరూ పిలవాల్సిన పని లేకపోయింది. తనంతట తనే గడికి పోయి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఏరా కమ్మరోడా, ఇప్పుడు యాదికొచ్చిన్నా?" అన్నాడు దొర. "నాకు అయిదు దినాలల్ల పని కావాలె. నా కారు దర్వాజ దాటిన గడియల నీ తమ్ముడు గూడ దాటుతడు. దాటకపోతే వాడు గూడ దాటడు."

"నీ బాంచెన్ దొరా, చేస్త" అన్నాడు సాంబయ్య. ఏడాదిగా నోటికి దూరమైన ఆ మాట మళ్ళీ అంత తేలిగ్గా వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

ఇంటికి వచ్చి సత్తమ్మతో చెప్తే ఆమె పొయ్యి ముందు నుంచి లేవనైనా లేవలేదు. "ఊరోళ్ళు మన మొకం మీద ఉమ్మేసినా సరే, నువ్వు ముందుగాల నా మరిదిని తోలుకరా" అంది. అంతే. ఊరివాళ్ళు ఉమ్మలేదు గానీ, సాంబయ్య ఎదురైతే పక్కకు చూడడం నేర్చుకున్నారు. ఉమ్మినా బాగుండేదనిపించింది అతనికి.

కారును బయటికి పంపడానికి దొరకు ధైర్యం చాలక, కొలిమినే గడి వాకిట్లోకి తెప్పించాడు. తిత్తి, దాగలి, సుత్తెలు అన్నీ బండి మీద వచ్చాయి. రేకులు హైదరాబాదు నుంచి రైల్లో వచ్చాయి. వాటిని బిగించే పట్టీలకు మాత్రం గడి పాత బండ్ల చక్రాలకున్న ఇనుప పట్టాలు ఊడదీశారు. సాంబయ్య పుట్టి బుద్ధెరిగాక కారును ముట్టుకున్నది లేదు. అతనికి తెలిసింది ఎడ్లబండి. అయినా ఇనుము ఇనుమే గదా అని మొదలుపెట్టాడు. దొర కారు నడిపే యోసేపు కింద పడుకుని ఎక్కడ తొలవాలో, ఎక్కడ తొలవొద్దో చూపించాడు. యోసేపుది అడవి అంచు ఊరు, ఆదివారం ఆదివారం ప్రార్థనకు పోయే మనిషి, మాట తక్కువ.

మొదటి రోజు తలుపులకు రేకులు పడ్డాయి. రెండో రోజు వెనక భాగం, అద్దాల మీద సన్నటి సందులున్న పలకలు. దొర పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చి చూసేవాడు. వచ్చినప్పుడల్లా ఆయనకు కొత్త భయం ఒకటి పుట్టేది. ఎవడైనా కింది నుంచి కొడితే? రేకు. ఎవడైనా మీంచి దూకితే? రేకు. మూడో రోజు పొద్దున వచ్చి, "టైర్లు గొడ్డలితోని నరికితే ఏం జేస్తవ్ రా?" అని అడిగాడు. నాలుగు చక్రాల మీద కూడా తొడుగులు వేయమన్నాడు దొర.

చక్రానికి తగలకుండా, మట్టి ఇరుక్కోకుండా తొడుగు వేయాలంటే అది బయటికి ఉబ్బి ఉండాలి. సాంబయ్య పుల్లతో కొలత తీసుకున్నాడు. కొలత తీసుకుంటూ, అలవాటు కొద్దీ దర్వాజ వైపు చూశాడు. బండికి చక్రం ఎక్కించే ప్రతి కమ్మరీ ఆ పని చేస్తాడు. బండి ఏ సందులోంచి పోవాలో చూసుకోకుండా ఇరుసు కొలవడు. గడి దర్వాజ దొర తాత తను సవారీ పోయే కచ్చురం బండి పట్టేటట్టు కట్టించినది. కారు అందులోంచి అటు జానెడు, ఇటు జానెడు వదిలి దూరేది. తొడుగులు వేస్తే ఒక్కో వైపు జానెడు మీద నాలుగు వేళ్ళు పెరుగుతుంది.

అంటే కారు బయటికి పోదు.

సాంబయ్య చేతిలో పుల్ల పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. చెప్తే దొర తొడుగులు మానుకుంటాడు. రెండు రోజుల్లో కారు పోతుంది, లింగయ్య వస్తాడు. కారు కల్లాల మీదికే పోతుంది. ఊరు ఏడాదంతా గంజి తాగి దాచుకున్న ఆశలన్నీ అక్కడే కుప్పలు పోసి ఉన్నాయి. చెప్పకపోతే? చెప్పకపోతే కొట్లో ఉన్నది సొంత తమ్ముడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఏంటో అతనికి అప్పుడు తెలిసింది.

యోసేపు వచ్చి పక్కన కూర్చున్నాడు. అతని చూపు కూడా దర్వాజ మీద పడి, మళ్ళీ తొడుగు మీదికి వచ్చింది. కారు నడిపేవాడికి ఆ లెక్క ఎవరూ చెప్పక్కర్లేదు.

"సాంబన్నా, బోల్టులున్నయి. బోల్టులేస్తే ఎప్పుడంటే అప్పుడు ఇప్పుకోవచ్చు" అన్నాడు మెల్లగా. "మేకులు కాల్చి కొడితే మాత్రం తియ్యాలంటే రెండు దినాలు."

"ఏది మంచిదంటవ్?"

"నాకేం తెలుసన్నా. తమ్ముడు నీవాడు."

సాంబయ్య లేచి తిత్తి ఊదాడు. మేకులు ఎర్రగా కాల్చి, ఒక్కొక్కటీ దింపి, తల అణిగేదాకా కొట్టాడు. సమ్మెట వేసే తమ్ముడు లేక ఒంటి చేత్తోనే కొట్టాడు. ప్రతి దెబ్బకూ కొట్టు వైపు చూశాడు. ఆ చప్పుడు లింగయ్యకు వినిపిస్తుంది, అన్న దొర పని చేస్తున్నాడని వాడికి తెలుస్తుంది. అది తలుచుకుంటే సిగ్గుతో చచ్చినంత పనయ్యేది.

అయిదో రోజు పొద్దెక్కాక కారు సిద్ధమైంది. పెళ్ళికూతురును చూసుకున్నట్టు దొర చుట్టూ తిరిగి చూసుకున్నాడు. ముగ్గురు తుపాకులవాళ్ళు ఎక్కారు. దొర ఎక్కాడు. యోసేపు మోటారు మొదలుపెట్టి దర్వాజ దాకా తెచ్చాడు. గర్రుమని ఒక చప్పుడు వచ్చి కారు ఆగిపోయింది. వెనక్కి తీసి మళ్ళీ పోనిచ్చాడు. మళ్ళీ అదే చప్పుడు. ముందరి రెండు తొడుగులూ దర్వాజ రెండు కంబాలకు ఆనాయి.

దొర దిగాడు. కొలుచుకున్నాడు. ఆయన ముఖం చూసి నవ్వు ఆపుకోవడం తుపాకులవాళ్ళకే కష్టమైంది.

"దొంగ లంజకొడుకా! చూసుకోలేవా?"

"బాంచెన్ దొరా, నేను బండ్లు చేసేటోణ్ని. మీరు టైర్లు మూయమన్నరు, మూసిన."

"ఇప్పు!"

"కాల్చి కొట్టిన మేకులు దొరా. రెండు దినాలైతది."

రెండు రోజుల్లో కల్లాలు ఊడ్చేస్తారని దొరకూ తెలుసు. తొడుగుల్లేకుండా పోవడానికి ధైర్యం లేదు. కాసేపు అటూ ఇటూ పచార్లు చేసి, దర్వాజ కంబం పడగొట్టమన్నాడు. తాత కట్టించిన దర్వాజను మనవడే పడగొట్టిస్తున్నాడు. గోడ పగలగొట్టే వడ్డెరలు వెట్టికి రారు. గునపాలు తుపాకులవాళ్ళ చేతికే వచ్చాయి, పలుగు పట్టడం రాక గోడకన్నా ఎక్కువ వాళ్ళ కాళ్ళే గాయపడ్డాయి. దొర కోపం చల్లారక, కొట్టు తలుపు తీయించి ఇద్దరిని లోపలికి పంపాడు. సాంబయ్యకు అరుపులు వినిపించాయి. పరుగెత్తబోతే యోసేపు నడుము పట్టుకుని ఆపాడు.

మర్నాడు మధ్యాహ్నానికి కంబం కూలింది. దానితో పాటు టేకు తలుపులూ నేల మీద పడ్డాయి. ఆ పొద్దుటికే కల్లాల్లో వడ్లు కొలిచి, ఇళ్ళకు చేర్చి, ఊరివాళ్ళు చేతులు దులుపుకున్నారు. ఇప్పుడు వాళ్ళు గడి ఎదురుగా బాట మీద నిలబడి చూస్తున్నారు. ఎవరూ రాయి ఎత్తలేదు, అరవలేదు. తలుపులు లేని గడి లోపలంతా వాళ్ళకు కనిపిస్తోంది, అంతే. దొర ఆ చూపులను చూశాడు. తుపాకులవాళ్ళను ఎక్కించుకుని, తనూ కారెక్కి యోసేపుకు ఏదో చెప్పాడు. కారు కల్లాల వైపు తిరగలేదు. జనగామలో బావమరిది ఇంటి వైపు తిరిగింది.

సాంబయ్య ఉలి తీసుకుపోయి కొట్టు గొళ్ళెం కోశాడు. లింగయ్య గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కుడిచెయ్యి ఒడిలో పెట్టుకున్నాడు. మణికట్టు వాచి, వేళ్ళు ఒక్కోటీ ఒక్కో దిక్కుకు తిరిగి ఉన్నాయి. సమ్మెట పట్టే చెయ్యి. అది మళ్ళీ సమ్మెట పట్టదని కమ్మరికి ఒక్క చూపుతోనే తెలిసిపోయింది.

"అన్నా, ఒడ్లు ఇండ్లకు చేరినయా?" అడిగాడు లింగయ్య.

"చేరినయి."

"అయితె మంచిదే." లింగయ్య అన్న వైపు తిరిగాడు. "కారు ఎందుకు ఆగిందో తుపాకులోళ్ళు కొట్టుకుంట చెప్పిండ్రు. నువ్వు తప్పు కొలిచినవట. నీ కొలత ఎన్నడు తప్పలే గదనే?"

సాంబయ్య తమ్ముడి ముందు కూలబడ్డాడు.

"తప్పలే లింగా. కొలిచే చేసిన. ఒక్క మాట చెప్తే నిన్ను నిన్ననే ఇడిచిపెట్టేటోడు. చెప్పలే."

లింగయ్య ఎడమచెయ్యి చాచాడు.

"లెవ్వన్నా. నన్ను లేపు. నేనైనా చెప్పేటోణ్ని గాదు" అన్నాడు. ఆ చెయ్యి పట్టుకుని లేవదీస్తూ సాంబయ్య చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.