ఆరు బుడిపెల ఇటుకలు

సహస్రకి ఐదో ఏట వసంత పంచమి నాడు అక్షరాభ్యాసం చేయించాం. పళ్లెంలో బియ్యం పోసి, మా వారు రాజారావు గారు దాని చూపుడువేలు పట్టుకుని ఓంకారం దిద్దించారు. వేలు కదిలిన చోటల్లా బియ్యం మళ్లీ జారి సర్దుకుంది. సహస్ర అరచేత్తో పళ్లెమంతా తడిమింది.

"అక్షరం ఏదమ్మా?" అంది.

మా అమ్మాయికి పుట్టుకతోనే చూపు లేదు. పంతులుగారు తర్వాతి మంత్రం అందుకున్నారు. నేను సరస్వతీదేవి పటం వైపు చూశాను. కోపంతో కాదు. ఆ తల్లికైనా సమాధానం తెలుసునేమోనని.

మా వారికి మేడ్చల్‌లో మందుల కంపెనీలో ఉద్యోగం. కాకినాడ నుంచి వచ్చి తూంకుంటలో కొత్త లేఅవుట్లో ఇల్లు కట్టుకున్నాం. సహస్రకి బ్రెయిలీ నేర్పడానికి శనివారాలు రోజీ టీచర్ వచ్చేది. ఆరు చుక్కలు, రెండు వరసలు, ఒక్కో వరసలో మూడు. ఏ చుక్క పైకి లేచి ఉందో దాన్నిబట్టి అక్షరం. కానీ కాగితం మీది చుక్కలు ఆవగింజంత కూడా ఉండవు. సహస్ర వేలికి అవి అందేవి కావు. రెండు నిమిషాలు తడిమి చెయ్యి వెనక్కి లాక్కునేది.

మా వీధి చివరి బడివాళ్లు ఒక్కటే మాట చెప్పారు. జూన్‌లోపు అక్షరాలు గుర్తుపడుతుందని టీచర్ రాసిస్తే ఒకటో తరగతిలో చేర్చుకుంటారు. లేకపోతే నగరంలో అంధబాలికల హాస్టల్. అప్పటికి ఆరేళ్ల పిల్ల. రాత్రి నా చెవి పట్టుకుంటే తప్ప నిద్రపోదు.

మార్చిలో ఒక శనివారం రోజీ టీచర్ మా హాల్లో కాలికి గుచ్చుకున్న బొమ్మ ఇటుక ఒకటి తీసింది, పిల్లలు ఒకదానిమీద ఒకటి నొక్కి ఇళ్లు కట్టే ప్లాస్టిక్ ముక్క. పక్కింటి పిల్ల నయన వదిలేసి పోయింది. టీచర్ దాన్ని నిలువుగా పట్టుకుని చూసింది.

"నాగమణి గారూ, దీనికి ఆరు బుడిపెలే ఉన్నాయి. అక్కర్లేనివి గీకేస్తే అక్షరమే కదా!"

మర్నాడే సుచిత్ర సెంటర్లో బొమ్మల దుకాణానికి వెళ్లాను. ఆరు బుడిపెలవి మాత్రమే యాభై కావాలన్నాను. కౌంటర్ దగ్గరి కుర్రాడు నవ్వాడు.

"విడిగా రావు మేడమ్. డబ్బా మొత్తం తీసుకోవాలి. పద్దెనిమిది వందలు."

"ఒక డబ్బాలో ఆరువి ఎన్ని ఉంటాయి?"

"నాలుగో, ఐదో."

యాభై అక్షరాలకి ఎన్ని డబ్బాలో లెక్క వేయకుండానే బస్సెక్కాను.

సంగతి విని రోజీ టీచర్ తన చర్చికి వచ్చే సాయమ్మ పేరు చెప్పింది. జవహర్‌నగర్లో చెత్తలోంచి ప్లాస్టిక్ ఏరే మనిషి. బొమ్మ ఇటుకలు వేరుచేసి, కడిగి, విడిగా అమ్ముతుందట. సహస్రని ఎవరి దగ్గరా వదల్లేక వెంట తీసుకెళ్లాను.

రేకుల షెడ్డు. ఆటో దిగుతూనే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను. గుమ్మంలో కూర్చున్న సాయమ్మ చూసింది. యాభై ఏళ్లుంటాయి.

"కొంగు తియ్యమ్మా, ఊపిరాడక పడ్తవ్. పది నిమిషాలైతే వాసన నీకు అలవాటైతది, నువ్వు వాసనకు అలవాటైతవ్."

సిగ్గుపడి తీసేశాను.

ఆమె ముందు నీలం టబ్బు నిండా ఇటుకలు. చెయ్యి లోపల, చూపు మా మీద. మాట్లాడుతూనే వేళ్లతో తడిమి ఒక్కోటి తీసి చుట్టూ ఉన్న డబ్బాల్లోకి విసురుతోంది. నాలుగువి ఒకదాంట్లో, ఎనిమిదివి ఒకదాంట్లో. పల్చటివాటిని ఆమె అప్పడాలంటుంది, ఏటవాలువాటిని ఇంటికప్పులంటుంది. అనుమానం వస్తే రెండు కలిపి నొక్కుతుంది. టక్కున పట్టుకోకపోతే నకిలీది, బయటికి. కంటితో వెతికి నేను ఒకటి తీసేలోపు ఆమె పది తీసింది. ఇంత పనితనం ఏ బడిలో నేర్పుతారు?

"ఎలా ఇస్తారు?" అన్నాను.

"ఏదొస్తే గది అంటె గిలాస నిండ ఇరవై. ఏరి ఇయ్యాల్నంటె ముక్కకు రెండు. ఆరువి మస్తు తక్కువొస్తయి. కూసో, ఏరిస్త."

సహస్ర అప్పటికే టబ్బు పక్కన చతికిలబడింది. రెండు చేతులూ లోపల పెట్టింది. ఒక ఇటుక పైకి తీసి, వేలు తిప్పి, "ఆరు," అని పక్కన పెట్టింది. మళ్లీ ఒకటి. కాసేపటికి లెక్క చెప్పడం మానేసి ఊరికే తీస్తోంది. సాయమ్మ చెయ్యి ఆగిపోయింది.

"ఓసి పిల్లా! నాకంటె జల్దీ ఏరుతున్నవు గదనే! గిట్ల ఏరనీకి నాకు ఏడాది వట్టింది."

"మీరు మాట్లాడుతూ ఏరుతున్నారు కదా, అందుకే ఆలస్యం," అంది సహస్ర.

సాయమ్మ ఒళ్లంతా కదిలేలా నవ్వింది.

అరవై ముక్కలు తీసుకున్నాం. నూట ఇరవై రూపాయలిస్తే అరవై తిరిగిచ్చింది. పాపని చూసి జాలిపడి తగ్గిస్తోందేమోనని నా మనసు చివుక్కుమంది.

"పాపకి చూపు లేదని తగ్గించకండి, సాయమ్మ గారూ."

"గారు ఏందమ్మా, గీ వాడల ఎవల్ని పిలుస్తున్నవో అనుకుంటరు. నేనెందుకు తగ్గిస్త? ముక్క రూపాయి, ఏరుడు కూలి రూపాయి. ఏరింది నీ బిడ్డ. దాని కూలి దానికియ్యి."

సహస్ర ఆ డబ్బులు ఆటోలో ఇంటిదాకా గుప్పిట్లోనే పట్టుకుంది.

సాయమ్మ సబ్బుతో కడిగినవే. అయినా నేను పసుపు నీళ్లలో నానబెట్టాను. చేసి, ఎందుకు చేశానా అనుకున్నాను. వారం రోజులు మధ్యాహ్నాలు కూర్చుని, టీచర్ ఇచ్చిన బ్రెయిలీ అక్షరాల పటం చూస్తూ, అక్కర్లేని బుడిపెలు గోళ్ల కత్తెరతో కొరికి, గరుకు కాగితంతో నున్నగా రుద్దాను. ఏడు ముక్కలు పాడయ్యాయి. యాభై అక్షరాలు తయారయ్యాయి.

అన్నీ స్టీలు డబ్బాలో పోసి సహస్ర ముందు పెట్టాను. ఏ అచ్చుకి ఏ చుక్కలో అప్పటికి దానికి నోటికి వచ్చు. ఒకటి తీసింది.

"ఇదేం అక్షరం కాదమ్మా. కింద ఒక్కటే చుక్క."

నేను చూశాను. అది అ. పైన ఎడమవైపు ఒక్క చుక్క. ముక్క తలకిందులైతే అదే చుక్క కింద కుడివైపు వస్తుంది. ఇటుకకి పైనేది, కిందేది? కళ్లున్న నాకు పటం ఉంది. దానికేం ఉంది? నాలుగైదు తీసి, అన్నీ తప్పయ్యేసరికి సహస్ర డబ్బా తోసేసింది. ఇటుకలు హాలంతా దొర్లాయి.

"నన్ను హాస్టల్‌కే పంపెయ్," అంది.

ఒక్కొక్కటీ ఏరుకుని, సహస్రని మా వారికి అప్పగించి, డబ్బా, పటం పట్టుకుని, మళ్లీ జవహర్‌నగర్ వెళ్లాను. ఎందుకు వెళ్లానో నాకే తెలియదు. ఇటుకల సంగతి అడగడానికి నాకు తెలిసిన మనిషి ఆమె ఒక్కతే.

సాయమ్మ విని ఒక ముక్కని వేళ్ల మధ్య తిప్పింది.

"చీకట్ల చీర గడ్తవు గద, అంచు ఎటుందో ఎట్ల తెలుస్తది?"

"చేతికి తగులుతుంది."

"గీనికి అంచు లేదు. పెడితె సరి."

పొయ్యి మీద దబ్బనం కాల్చింది. పటం చూసి ఏ వైపు కిందో నేను చెప్పాను. ముక్కకి ఆ వైపు పక్కగోడ మీద దబ్బనంతో అడ్డంగా ఒక గీత నొక్కింది. యాభైకి యాభై. మధ్యలో వేలు కాలితే నోట్లో పెట్టుకుని, "ఇగ తర్వాతది చెప్పు," అంది.

శుక్రవారం పూజ అయ్యాక పళ్లెంలో బియ్యం పోశాను. కాసేపు వెనకాడాను. ఎవరో పారేసినవి, చెత్తకుప్ప దాటి వచ్చినవి. దేవి ముందు పెట్టొచ్చునా? పంతులుగారిని అడిగితే ఏమంటారో. అడగలేదు. బియ్యంలో ఒక ఇటుక గుచ్చి, గీత ఉన్నది కిందివైపని చెప్పి, సహస్ర వేలు పట్టుకుని దాని మీద పెట్టాను. బొటనవేలితో గీత వెతుక్కుంది. చూపుడువేలు పైకి పోయింది.

"అ," అంది. "ఇది జారిపోలేదమ్మా."

మే నెలాఖరుకి రోజీ టీచర్ యాభై ఇటుకలూ గుడ్డ సంచిలో వేసి కలిపింది. నేను వంటింట్లోకి పోయి స్టవ్ మీద ఏమీ లేకపోయినా అక్కడే నిలబడ్డాను. సహస్ర ఒక్కోటి తీసి చెబుతోంది. ఝ దగ్గర తప్పింది. ళ దగ్గర ఇంకోసారి. చివరిది చెప్పాక టీచర్ కాగితాలు తీసిన చప్పుడు వినిపించింది. తొంగి చూస్తే బడికి ఉత్తరం రాస్తోంది.

"రెండే తప్పులు," అంది. "నాగమణి గారూ, శామీర్‌పేట వైపు నాకు ఇంకా నలుగురు పిల్లలున్నారు. ఇలాంటివి రెండొందలు దొరుకుతాయా?"

వెంటనే సాయమ్మకి ఫోన్ చేశాను.

"రెండొందలా! ఆరువి గన్ని ఏరుడు నా ఒక్కదానితోని గాదు. బిడ్డను తోల్కరా. బడి ఎన్నడు సురువు?"

"జూన్ పన్నెండున."

"అయితె గంతకు ముందుగాల్నే రా."

సహస్ర నా కొంగు లాగింది.

"కూలి ముక్కకి రూపాయేనా, అడుగమ్మా."