ఎర్రముక్కులు, ఒంటి చెప్పు

ఆ పూట దీవిలో కోడలి గుండె దడదడలాడుతోంది. ఎందుకాడదూ? పడవలో అటవీ శాఖ అధికారి వస్తున్నాడు. ఇసుక తిన్నె మీద ఒక్క సముద్రపు పక్షైనా గుడ్డు పెట్టలేదంటే, ఆమె చెక్కి రంగులేసిన కొయ్య పక్షులన్నీ మూట కట్టుకుని అదే పడవలో వెళ్లిపోతాయి. తోటివి కనబడితేనే ఆ పక్షులు ఇక్కడ దిగుతాయని అధికారిని బతిమాలి ఈ పని తెచ్చుకున్నది ఆమే.

అత్తగారిది మొక్కల పని. దీవంతా అల్లుకున్న ముళ్లకంపను పీకించి, ఇక్కడి సొంత గడ్డిని గింజ నుంచి పెంచి నాటింది. మొలకల్లో చెప్పులతో నడవకూడదు, గుడ్డున్న చోట పుల్లైనా కదపకూడదు. ఈ రెండూ ఆవిడ పెట్టిన చట్టాలే. ఆ చట్టం ప్రకారమే మొన్న తిన్నె దగ్గర చెప్పులు విప్పి వెళ్లింది. తిరిగొచ్చేసరికి ఒకటే మిగిలింది. అప్పట్నుంచి, రెండోది దొరక్కపోతుందా అని ఒంటి చెప్పుతోనే కుంటుతూ, దారిన పోయే పీతను కూడా వదలకుండా తిడుతోంది.

ఆ తిట్లలో కోడలికీ వాటా దక్కింది. పసుపు రంగు అయిపోతే ముక్కులకు ఎరుపు పూసింది మరి.

"పెళ్లికి పోతున్నట్టు వాటికి ఆ లిప్‌స్టిక్ ఏంటమ్మాయ్? చూసిన పక్షి సిగ్గుపడి పారిపోదూ?" అని అత్తగారు రోజూ దెప్పుతూనే ఉంది. పక్షులు నిజంగానే పైన చక్కర్లు కొట్టి వెళ్లిపోతుంటే, కోడలు ఏడుపు దిగమింగుకుంది.

అధికారి దిగాడు, దూరం నుంచే తిన్నెను ఓసారి చూశాడు, పెదవి విరిచాడు. "సర్దేయండమ్మా."

కోడలు కాళ్లీడ్చుకుంటూ వెళ్లింది. కళ్లనిండా నీళ్లు. చివరి కొయ్య పక్షిని తీయబోతే, అది కిర్రుమని చెయ్యి పొడిచింది. కొయ్యకు అంత కోపం ఎక్కడిది? ఆమె వెనక్కి పడింది. పక్షి ఎగిరింది. సగం ఇసుకలో కూరుకుపోయిన చెప్పు పక్కన, చుక్కల గుడ్డు.

"అత్తయ్యా, మీ చెప్పు దొరికింది." నవ్వూ ఏడుపూ కలిసి మాట సరిగ్గా రాలేదు.

"అయితే పట్రా."

"తేకూడదు. మీ చట్టమే."

అత్తగారు కుంటుకుంటూ వచ్చి చూసి నోరు తెరిచింది. పక్షి మళ్లీ వచ్చి గుడ్డు మీద కూర్చునేదాకా మూయలేదు. తర్వాత అధికారి వైపు తిరిగింది. "చూశారా బాబూ, నా చెప్పు చూసి వచ్చింది. ఆ ముక్కులు చూసి కాదు."

అధికారి నవ్వాపుకోలేక పడవెక్కాడు. కొయ్య పక్షులు మాత్రం ఎక్కలేదు. కోడలు ఇసుకలో కూలబడి పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది.

అత్తగారు కాలికున్న చెప్పు కూడా విప్పి, తిన్నె అవతలి చివర పెట్టింది. కాసేపు దానికేసి చూసి, కోడలి వైపు చెయ్యి చాచింది.

"ఒట్టి చెప్పు చూసి ఎవరొస్తారే? ఆ ఎర్రముక్కు దాన్నొకటి ఇటు తే."