కాలనీకి రాని ట్యాంకర్

మార్కాపురంలో ఉమామహేశ్వర్లు నడిపే చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో లీదియాది టెస్టింగ్ పని. ఊళ్లకు నీళ్ల ట్యాంకర్లు తిప్పే ఒక కాంట్రాక్టరు కోసం అక్కడ ప్రోగ్రామ్ రాస్తున్నారు. అందులో ఏ చిన్న మార్పు చేసినా టెస్టులన్నీ మళ్లీ నడపాలి. ఒక్కో టెస్టూ ముందుగా ఉత్తుత్తి ఊళ్లు, ట్యాంకర్లు, డ్రైవర్లు, ట్రిప్పులు అన్నీ కొత్తగా తయారుచేసుకుని, ఆ తర్వాతే అసలు సంగతి చూసేది. పొద్దున మొదలుపెడితే భోజనాల వేళకు గానీ తెమిలేది కాదు.

లీదియా ఆ పద్ధతి మార్చింది. ఆ ఊళ్లనూ ట్యాంకర్లనూ ఒక్కసారే తయారుచేసి, టెస్టులన్నీ వాటినే వాడుకునేట్టు చేసింది. ఒక టెస్టు కదిపినవన్నీ మళ్లీ మొదట ఉన్నట్టు సర్దాకే ఇంకోటి మొదలయ్యేది. టీ తాగి వచ్చేలోపు పని అయిపోసాగింది.

ఉమామహేశ్వర్లు మేనల్లుడు అభిలాష్‌కు అదీ చాలలేదు. "ఆ సర్దుడు కూడా తీసేస్తే ఇంకా తొందరగా అవుతది గదక్కా."

"తీసేస్తే ఒక టెస్టు వదిలేసింది ఇంకోదానికి అంటుకుంటది. తప్పున్నా అంతా సరిగ్గా ఉన్నట్టు పచ్చగానే చూపిస్తది."

"రేపు కాంట్రాక్టరు వస్తున్నాడు. ఏం కాదులేమ్మా," అన్నాడు ఉమామహేశ్వర్లు.

తీసేశారు. లీదియా మళ్లీ నోరెత్తలేదు. తెర నిండా పచ్చ గుర్తులు చూసి కాంట్రాక్టరు సంతోషంగా ఆ ప్రోగ్రామ్‌ను డ్రైవర్ల ఫోన్లలో పెట్టించుకున్నాడు.

ఎండలు ముదిరాయి. కొనకనమిట్ల పక్కన లీదియా వాళ్ల ఊళ్లో బోర్లు ఎండిపోయాయి. ట్యాంకర్ ఊళ్లోకి వస్తోంది గానీ, ఊరి బయట వాళ్ల కాలనీకి రావడం లేదు. లీదియా తల్లి కేథరిన్ పొలాల అవతల నుంచి బిందె మోసుకొస్తూ గట్టు మీద జారిపడి కుడిచెయ్యి విరగ్గొట్టుకుంది.

"డ్రైవర్ను అడిగితే ఫోన్ చూపించినాడమ్మా," అంది పక్కింటి రూబీ. "కాలనీకి పోసినట్టే ఉందంట అందులో. ఎవురు తాగినారో ఆ నీళ్లు."

మర్నాడు ఆఫీసులో లీదియా ఆ సర్దే అడుగు తిరిగి పెట్టి టెస్టులు నడిపింది. ఒకటి ఎర్రబడింది. ఊరికి నీళ్లు పోశామని డ్రైవర్ నొక్కగానే, కాలనీ ట్రిప్పు కూడా అయిపోయినట్టు జాబితాలోంచి ఎగిరిపోతోంది. ఇన్నాళ్లూ వేరే టెస్టు వదిలేసిన పాత ట్రిప్పు ఒకటి అక్కడే మిగిలి ఉండడంతో, టెస్టు మాత్రం కాలనీ ట్రిప్పు పదిలంగా ఉందనే చెబుతూ వచ్చింది.

"అన్నిటికీ ఒకటే వాడదామన్నది నీ ఆలోచనే గదమ్మా," అన్నాడు ఉమామహేశ్వర్లు. "కాంట్రాక్టరుకు ఎవరో ఒకరి పేరు చెప్పాల."

సాయంత్రానికి అభిలాష్ ఆ తప్పు దిద్ది కాంట్రాక్టరు మెప్పు పొందాడు. లీదియాను టెస్టింగ్ నుంచి తీసి, ఊళ్ల నుంచి వచ్చే ఫిర్యాదుల ఫోన్ దగ్గర కూర్చోబెట్టారు.

తర్వాతి ఆదివారం కాలనీకి ట్యాంకర్ వచ్చింది. తప్పు చేసింది లీదియానే అని కాంట్రాక్టరు చెప్పిన మాట డ్రైవర్ అందరికీ చేరవేశాడు. పైపు పట్టుకోబోయిన లీదియాకు ఆడవాళ్లు చోటివ్వలేదు.

"నేను వద్దనే చెప్పినా పిన్నమ్మా," అంది లీదియా.

"చెప్పి ఊరుకుంటే సరా?" అంది రూబీ, పైపు పక్క బిందెలోకి తిప్పుతూ.

లీదియా ఖాళీ బిందెతో ఇంట్లోకి వెళ్లి, తల్లికి అన్నం కలిపి తినిపించింది.