‘జారిపడి’ అన్న మాట

విలేకరి ఉద్యోగం మానేసి బడిలో టీచరుగా చేరుతున్నానని కూతురు చెప్పగానే తల్లి ముక్కున వేలేసుకుంది.

“పేపర్లో పేరు పడే ఉద్యోగం వదిలేసి సుద్దముక్క పట్టుకుంటావా? మతిగానీ పోయిందా?”

చావు జరిగిన ఇంటికల్లా వెళ్లి, ఏడ్చేవాళ్లను పక్కకు పిలిచి, పోయినవాళ్ల ఫొటో అడిగి అడిగి కూతురికి తన మీద తనకే భయం పట్టుకుంది. ఒక ఇంట్లో ఫొటో అందుకుంటూ, ‘ఇది రెండు కాలమ్‌లలో బాగా వస్తుంది’ అనుకుంది. ఆ సాయంత్రమే రాజీనామా ఇచ్చేసింది.

బడిలో సోషల్ పాఠాలతోపాటు లైబ్రరీ కూడా ఆమెకే అప్పగించారు. లైబ్రరీ అంటే మేడ మీద మెట్ల పక్కన ఒక ఇరుకు గది, అద్దాల బీరువాలు, వాటికి తాళాలు. పిల్లల చేతులు పడితే పుస్తకాలు పాడవుతాయట! ఆమె తాళాలు తీయించింది. ఊడిన అట్టలు అంటించింది. పిల్లలు మొదట బొమ్మల కోసం వచ్చారు, తర్వాత పుస్తకాల కోసం కొట్టుకున్నారు. అందరికంటే ముందు ఊడిపడేది ఏడో తరగతి పిల్ల ఒకతి. వాగుడు ఆపదని అందరూ దాన్ని వసపిట్ట అనేవాళ్లు.

“టీచర్, ఇందులో చివరికి ముసలాయన చచ్చిపోతాడా? చచ్చిపోతే నేను చదవను.”

“చదివితేనే తెలుస్తుంది.”

“పేపర్లో కూడా ఇలాగే చెప్పకుండా దాచేవారా?”

ఆమె పకపకా నవ్వేసింది. అలా నవ్వి చాలా కాలమైంది.

గది బయట వరండా రెయిలింగ్ అడుగున తుప్పు పట్టి ఊగుతుండేది. స్టాఫ్ మీటింగులో ఆ సంగతి ఎత్తితే, “సెలవుల్లో చూద్దాం” అన్నాడు ప్రిన్సిపాల్.

సెలవులు రాకముందే ఒక మధ్యాహ్నం, పీరియడ్ అయిపోయి పిల్లలు తోసుకుంటూ బయటికి వెళ్తున్నారు. వసపిట్ట రెయిలింగుకు ఆనుకుని స్నేహితురాలికి ఏదో చెబుతోంది. తలుపు దగ్గరున్న ఆమె కళ్లముందే రెయిలింగ్ వెనక్కి ఒరిగింది. ఆసుపత్రికి చేరేలోపే పిల్ల ప్రాణం పోయింది.

ప్రిన్సిపాల్ ఆమెను గదిలోకి పిలిచాడు. “పేపరువాళ్లు వస్తున్నారు మేడమ్. మీకు అలవాటైన పనేగా, నాలుగు ముక్కలు రాసివ్వండి. పిల్ల రెయిలింగ్ ఎక్కి ఆడుతూ జారిపడింది. అంతే.”

“ఎక్కలేదండీ. ఆనుకుంది. నేను చూశాను.”

“పోయిన పిల్ల ఎలాగూ తిరిగిరాదు. బడి సంగతి ఆలోచించండి.”

ఆమె లేచి గేటు దగ్గరికి నడిచింది. వచ్చిన విలేకరి ఒకప్పుడు ఆమె దగ్గరే పని నేర్చుకున్నవాడు. “అక్కా! మీరిక్కడా?” అని, గొంతు తగ్గించి, “పాప ఫొటో ఏమైనా దొరుకుతుందా?” అన్నాడు. ఆ గొంతు తగ్గించడం ఆమె నేర్పిందే.

“ఫొటో లేదు. చెప్పేది రాసుకో.” తుప్పు సంగతి, మీటింగు సంగతి, కళ్లారా చూసింది, అంతా చెప్పింది. “నా పేరు పెట్టు.”

“మీ ఉద్యోగం పోతుందక్కా.”

“పెట్టమన్నానుగా.”

తెల్లారి పేపరు లోపలి పేజీ అడుగున ఒక్క కాలమ్: ‘ఆడుకుంటూ జారిపడి బాలిక మృతి’. అతడు ఫోన్ చేసి నీళ్లు నమిలాడు. “నేను రాశానక్కా. డెస్క్‌లో కోసేశారు. బడి ప్రకటనలు మనకే వస్తాయిగా...” కోసింది ఎవరై ఉంటారో కూడా ఆమెకు తెలుసు.

ఇక రావద్దని బడి నుంచి కబురొచ్చింది. ఆమె పిల్ల ఇంటికి వెళ్లింది. తల్లి గోడకు చేరగిలబడి ఉంది.

“అల్లరి మాన్పించలేదని అందరూ నన్నే అంటున్నారు టీచర్. వాళ్ల నాన్న కూడా.”

“మీ పిల్ల ఎక్కలేదమ్మా. రెయిలింగే ఊడింది. ఊడుతుందని ముందే చెప్పాం.”

తల్లి ఆమె ముఖంలోకి తేరిపార చూసింది. “ముందే తెలిస్తే, పిల్లల్ని అటు ఎందుకు పోనిచ్చారు?”

తల్లి గోడ పట్టుకుని లేచి నిలబడింది.

“ఇదంతా స్టేషన్లో చెప్తారా?”

“చెప్తాను. మీరిప్పుడు అడిగింది కూడా చెప్తాను.”

స్టేషన్లో ఇద్దరినీ చాలాసేపు బెంచీ మీద కూర్చోబెట్టారు. ఆ తర్వాత ఆమె చెప్పింది రాసుకుని సంతకం తీసుకున్నారు. ప్రిన్సిపాల్ మీద కేసు కట్టారు, అతడు త్వరగానే బెయిలు తెచ్చుకున్నాడు. కానీ ఆమె సంతకం చేసిన కాగితంలో ‘జారిపడి’ అన్న మాట లేదు. తల్లి స్టేషన్లోనే అది తనకు మళ్లీ చదివి వినిపించమని అడిగి మరీ విన్నది.

ఆ రోజు స్టేషన్ బయటికొచ్చాక తల్లి తల దించుకుని తన దారిన వెళ్లిపోయింది.