కారణం: వ్యాపార విరమణ

మూడో ఫొటోకి గాని బోర్డు మీది అక్షరాలు కుదురుగా పడలేదు. కమలాకర్ ఫోను దించి, ఎండకు కళ్ళు చికిలించి, ఇంకో రెండడుగులు వెనక్కి వేశాడు. షేక్‌పేట నుంచి ఫిల్మ్ నగర్‌కు ఎక్కే దారిలో కొత్తగా తెరిచిన డ్రోన్ కెమెరాల అద్దె దుకాణం అది. బోర్డు, గుమ్మం, గుమ్మంలో యజమాని ఒకే ఫొటోలోకి రావాలి. కరెంటు బిల్లు మీదున్న ఇంటి నంబరు గోడ మీదా కనబడాలి. అవి సరిగ్గా లేకపోతే జీఎస్టీ నంబరు కోసం పెట్టిన దరఖాస్తు ప్రశ్నలతో తిరిగొస్తుంది. యజమాని పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నాడు. కొత్తగా వ్యాపారం పెట్టినవాళ్ళందరూ అలాగే నవ్వుతారు. మూసేసేటప్పుడు ఫొటో అక్కర్లేదు.

కమలాకర్‌కు యాభై ఆరేళ్ళు. ఇరవయ్యేడేళ్ళు ఫైళ్ళ సంచీ మోసి మోసి ఎడమ భుజం కాస్త కిందికి జారింది. కాలరు అరిగిపోతే భార్య మంజులత దాన్ని విప్పి తిరగేసి కుట్టింది. దగ్గరగా చూస్తే తప్ప తెలియదు. జూబ్లీహిల్స్‌లో ఆడిటరు కాశీవిశ్వనాథం గారి దగ్గర చేరిన రోజున సేల్స్ టాక్స్ ఉండేది. తర్వాత వ్యాట్ వచ్చింది, ఆ తర్వాత జీఎస్టీ. విశ్వనాథం గారు పోయి ఆయన కొడుకు సిద్ధార్థ కుర్చీలోకి వచ్చాడు. కమలాకర్ బల్ల మాత్రం కిటికీ పక్క మూలనుంచి కదల్లేదు.

అతని తండ్రి ఈ గుట్టల మీద రాళ్ళు కొట్టిన మనిషి. ఆయన పగలగొట్టి చదును చేసిన చోటే ఇవాళ స్టూడియోలు, నిర్మాతల ఆఫీసులు లేచాయి. కొడుకు రాత్రి కాలేజీలో బీకాం చదివి, వాటి చుట్టూ బతికే చిన్నవాళ్ళ కాగితాలు చూస్తున్నాడు. జనరేటర్ వ్యాన్లవాళ్ళు, షూటింగులకు భోజనాలు వండి పంపేవాళ్ళు, పూల డెకరేషన్లవాళ్ళు. ఎవరి వ్యాపారం ఏ నెలలో పుట్టిందో, ఏ నెలలో పోయిందో అతనికి నోటికి వచ్చు. ఒకప్పుడు తనూ పరీక్ష రాసి, టాక్స్ ప్రాక్టీషనర్‌గా పేరు నమోదు చేయించుకుని, షేక్‌పేటలో సొంతంగా ఒక బోర్డు కట్టాలనుకున్నాడు. ఆ కోరిక వ్యాట్ రోజుల్లోనే చచ్చిపోయింది.

అప్పుడు జరిగింది చిన్న సంగతే. సెట్టింగుల ప్లైవుడ్ అమ్మే వ్యాపారి ఒకడు ఊళ్ళో లేడు, గడువు చూస్తే ఆ రోజే. పెట్టెయ్యి, ఏం కాదు అన్నారు విశ్వనాథం గారు. కమలాకర్ ఆ వ్యాపారి సంతకం తన చేత్తో పెట్టాడు. ఏడాది తిరక్కుండా ఆ వ్యాపారి బిల్లులన్నీ దొంగవని తేలింది. సంతకం ఎవరిదని ఆరా తీసి, టాక్సు ఆఫీసు వరండాలో బెంచీ మీద కమలాకర్‌ను రెండు రోజులు కూర్చోబెట్టారు. విశ్వనాథం గారు వచ్చి, తనకేమీ తెలియదని చెప్పి వెళ్ళిపోయారు. రెండో రోజు సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా, సచ్చినా ఇంకొకరి సంతకం పెట్టనని మంజులతతో అన్నాడు.

అన్న మాట తప్పలేదు. ఇప్పుడు సంతకం బదులు ఫోనుకొచ్చే ఓటీపీ. ఆఫీసులో మిగతావాళ్ళు ఖాతాదారుల మెసేజీలు నేరుగా తమ ఫోన్లకే వచ్చేటట్టు చేసుకున్నారు. కమలాకర్ ఫోన్ చేసి, ఇది దేనికో తెలుసా అని అడిగి, తెలియకపోతే విడమరిచి చెప్పి, వాళ్ళ నోటితో ఆరంకెలూ చదివించుకునేవాడు. సిద్ధార్థ నవ్వేవాడు గాని వద్దనలేదు.

ఆ రోజు రెండో పని జానకిరామయ్య మాస్టారిది. విగ్గులు, గడ్డాలు, మీసాలు తయారుచేసే మనిషి. తెనాలి నాటక సమాజాల్లో మొదలుపెట్టి, మద్రాసు మీదుగా ఇక్కడికి వచ్చి ముప్పయ్యేళ్ళు దాటింది. ఫిల్మ్ నగర్‌లో ఆయన అద్దెకున్న గదిని ఇంటావిడ లక్ష్మీకాంతమ్మ ఒక గ్రాఫిక్స్ కంపెనీకి ఇచ్చింది. ఆ కంపెనీ రిజిస్ట్రేషనూ సిద్ధార్థ ఆఫీసు పనే. ఈ చిరునామాలో ఇదివరకే ఇంకొకరి నంబరు ఉంది, ఇదెట్లా అని అధికారి నోటీసు ఇచ్చాడు. జవాబుకు ఏడు పనిదినాలు. ఇవాళ ఏడోది. పాత నంబరు రద్దుకు దరఖాస్తు పెట్టిన రసీదు సాయంత్రంలోగా జతచేయాలి. ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు. మాస్టారు ఖాళీ చేస్తానని తనే చెప్పాడు; మోతీనగర్‌లో పాత మేకప్‌మన్ ఒకాయన ఇంట్లో గది చూసుకున్నాడు.

కమలాకర్ వెళ్ళేసరికి ఆయన ముక్కాలి పీట మీద కూర్చుని ఉన్నాడు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, ఎండిన చెరుకుగడలా సన్నగా, నిటారుగా. కొక్కెం సూది పొడుచుకుని పొడుచుకుని కుడిచేతి చూపుడువేలి కొస గోరంత గట్టిపడిపోయింది. నెత్తి మీద ఒక్క వెంట్రుక లేదు. గది నిండా కర్పూరం వాసన, దాని కింద జిగురు వాసన. అలమరాల్లో చెక్క తలకాయలు వరసగా, ముఖాల్లేకుండా. మునుల జటలు పాలిథిన్ కవర్లలో మేకులకు వేలాడుతున్నాయి. దేవుడి పటాల పక్కనే, అద్దం కట్టించిన జీఎస్టీ సర్టిఫికెట్టు. రెండువేల పదిహేడులో దాన్ని తెచ్చిపెట్టింది కమలాకరే. నంబరు లేనిదే నిర్మాతల ఆఫీసుల్లో బిల్లు ముట్టుకునేవారు కాదు. ఇప్పుడు బిల్లు రాసి రెండేళ్ళయింది. జుట్టు కంప్యూటర్లో మొలుస్తోంది, కాకపోతే బొంబాయి నుంచి తయారుగా వస్తోంది.

కమలాకర్ లాప్‌టాప్ తెరిచి ఒక్కొక్క గడీ చదువుతూ నింపాడు. చేతిలో ఉన్న సరుకు విలువ ఎంత అన్న చోట ఆగాడు. మాస్టారు అలమరాల వైపు చూశాడు. ఆ చూపు గదంతా ఒకసారి తిరిగి వచ్చింది.

"సున్నా వేయండి," అన్నాడు.

"ఏదో ఒకటి ఏస్త మాస్టర్. గింత సామాను ఉన్నది."

"కొనేవాడుంటే కదండీ ధర. సున్నాయే."

కమలాకర్ సున్నా వేశాడు. మాస్టారు లేచి, అలమరాలోంచి ఒక తెల్లగడ్డం తీసి, వేళ్ళతో చిక్కు విడదీసి మళ్ళీ అక్కడే పెట్టాడు.

తర్వాతది కారణం. అక్కడ ఏమేమున్నాయని అడిగితే కమలాకర్ చదివి వినిపించాడు. వ్యాపార విరమణ, ఇంకొకరికి బదిలీ, అమ్మకాలు పరిమితికి తగ్గడం, యజమాని మరణం.

"ఆ చివరిదానికి దరఖాస్తు ఎవరు పెడతారండీ?"

"వారసులు పెడ్తరు మాస్టర్."

"నాకెవరున్నారు." ఇంట్లో ఉప్పు అయిపోయిందని చెప్పినంత మామూలుగా అన్నాడు. "అందుకే నా అంతట నేనే మూసుకోవాలి కమలాకర్ గారూ. రేపెప్పుడో ఒక ఆఫీసరొచ్చి, ఆయన పోయాడండీ అని పక్కవాళ్ళు చెబితే రాసుకుని నా పేరు కొట్టేయకూడదు. మానేశానని రాయండి. పోయినవాడు వేరు, మానుకున్నవాడు వేరు," అన్నాడు.

కమలాకర్ వ్యాపార విరమణ ఎంచుకున్నాడు. మాస్టారిది కాంపొజిషన్ అనే, చిన్నవాళ్ళకు లెక్కలు తక్కువుండే పద్ధతి కింద ఉన్న వ్యాపారం. ఈ ఒక్క దరఖాస్తు వెళ్ళిపోతే ఆయన చెయ్యాల్సింది ఇంకేమీ లేదు. ఓటీపీ పంపమని నొక్కాడు. ఇద్దరూ ఫోను వైపు చూస్తూ కూర్చున్నారు. రాలేదు. మళ్ళీ నొక్కాడు. రాలేదు. ఫోను తీసి చూస్తే రీచార్జి అయిపోయి నెల దాటింది. ఎవరూ ఫోన్ చేయరు కాబట్టి ఆయనకు తెలియలేదు. కమలాకర్ తన ఫోనులోంచే రీచార్జి చేశాడు. మెసేజీలు రావడానికి రెండు మూడు గంటలు పట్టొచ్చని ఫోను కంపెనీవాళ్ళు చెప్పారు.

"నాలుగింటికి ఆఫీసు నుంచి ఫోన్ చేస్త. ఆరంకెలొస్తయ్. జర చూసి చదువుండ్రి, సాలు."

"చదువుతాను. టీ తెప్పిస్తాను, కూర్చోండి."

కమలాకర్ గడియారం చూసుకున్నాడు. డ్రోన్ కెమెరాలాయన కాగితాలు ఎక్కించాలి. ఇంకోసారి తాగుతానని చెప్పి లేచాడు.

మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూతపెడుతుంటే సిద్ధార్థ పిలిచాడు. వచ్చే నెల ఆఫీసు కోకాపేటకు మారుతోందన్నాడు. కాగితాల పని ఎలాగూ ఏమీ ఉండదనీ, అంతా ఆన్‌లైనేననీ, అంకుల్‌కు రోజూ అంతదూరం స్కూటరు మీద కష్టమేననీ, కళ్ళద్దాలు తుడుచుకుంటూ మెల్లగా చెప్పాడు. తండ్రి కన్నా మంచివాడు. చెప్పేటప్పుడు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. కమలాకర్ సరే సార్ అన్నాడు. బల్ల దగ్గరికి వచ్చి స్కానరు అద్దం తుడిచాడు. అది పొద్దుననే తుడిచాడు. మంజులతకు ఈ సంగతి ఏ పూట చెప్పాలా అని ఆలోచించాడు. అన్నం తినేటప్పుడు కాదు. తిన్నాక చెప్పాలి.

నాలుగింటికి మాస్టారికి ఫోన్ చేశాడు. మోగింది. అంటే రీచార్జి ఎక్కింది. ఎత్తలేదు. పది నిమిషాలాగి చేశాడు, ఎత్తలేదు. మూడోసారి మోగీ మోగీ ఆగిపోయాక లాప్‌టాప్ సంచీలో పెట్టుకుని స్కూటరు తీశాడు. దారిలో షూటింగు వ్యాను ఒకటి అడ్డం తిరిగి చాలాసేపు నిలబెట్టింది.

గది తలుపు దగ్గరగా వేసి ఉంది. మాస్టారు పీట మీదే, గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు. తల కొద్దిగా కుడివైపు వాలింది. చేతులు ఒళ్ళో ఉన్నాయి. నిద్రపోతున్నాడనుకుని కమలాకర్ గుమ్మంలోంచే పిలిచాడు. దగ్గరికెళ్ళి పిలిచాడు. చెయ్యి పట్టుకున్నాడు. అది చల్లగా ఉంది. ముక్కు దగ్గర వేలు పెట్టి, చాలాసేపు అలాగే ఉంచాడు.

వీధిలోకి పరిగెత్తాలి, మేడ మీదికి కేకేయాలి. ఆ పనులన్నీ అతనికి తెలుసు. కాని వెళ్ళకుండా పీట పక్కన నేల మీద కూర్చున్నాడు. టీ తాగి వెళ్ళినా బాగుండేది. ఒక పది నిమిషాలు. దరఖాస్తు వెళ్ళకముందే పోయాడని తెలిసిపోతే చాలు, ఆ చివరి కారణమే మాస్టారి కారణం అవుతుంది. వారసులు లేరు. ఎన్నాళ్ళకో ఒక అధికారి వస్తాడు, పక్కవాళ్ళు చెబుతారు, రాసుకుంటాడు.

కమలాకర్ సంచీలోంచి లాప్‌టాప్ తీశాడు. పొద్దున నింపిన దరఖాస్తు అలాగే ఉంది. టాక్సు ఆఫీసు వరండాలో బెంచీ, దాని ఇనుప కాలు గీసుకుని చిరిగిన ప్యాంటు, విశ్వనాథం గారు తనవైపు చూడకుండా మెట్లు దిగిపోవడం, అన్నీ కళ్ళముందుకొచ్చాయి. చనిపోయినవాడి ఓటీపీ వాడటం ఏ చట్టం ప్రకారం చూసినా తప్పే. అయినా ఓటీపీ పంపమన్న చోట వేలు పెట్టాడు. నొక్కాడు.

మాస్టారి చొక్కా జేబులో ఫోను గుర్రుమంది.

"మాస్టర్, తీస్తున్న," అన్నాడు కమలాకర్ నెమ్మదిగా, అడిగినట్టు. రెండు వేళ్ళతో ఫోను తీశాడు. ఎప్పుడూ చదివించుకునే అలవాటు కాబట్టి ఆరంకెలూ పైకి చదువుకుంటూ, ఒక్కొక్కటే కొట్టాడు. దరఖాస్తు అందిందని రసీదు నంబరు వచ్చింది. దాన్ని ఆఫీసుకు పంపి, లాప్‌టాప్ మూసి, ఫోను తిరిగి జేబులో పెట్టి, అప్పుడు వెళ్ళి మేడమెట్ల దగ్గర లక్ష్మీకాంతమ్మను పిలిచాడు.

పక్కవీధి డాక్టరు వచ్చి చూశాడు. గుండె ఆగి రెండు గంటలైనా అయి ఉంటుందన్నాడు. మేకప్‌వాళ్ళ యూనియను నుంచి నలుగురొచ్చారు. ఆయన్ని బయటికి తీసుకొస్తుండగా సిద్ధార్థ ఫోన్ చేశాడు. రసీదు అందిందనీ, నోటీసుకు జవాబు పెట్టేశాననీ చెప్పి, "ఓటీపీ మాస్టారే చెప్పారు కదా అంకుల్?" అన్నాడు.

వాకిట్లో ఎవరో స్ట్రెచరు తలవైపు ఎత్తమంటున్నారు.

"ఆయననే చెప్పిండు," అన్నాడు కమలాకర్.

ఆ రాత్రి అన్నం తిన్నాక మంజులతకు కోకాపేట సంగతి ఒక్కటే చెప్పాడు.

పదకొండో రోజున రద్దు ఉత్తర్వు వచ్చింది. కారణం దగ్గర వ్యాపార విరమణ అని ఉంది. ఎవరూ ఏమీ అడగలేదు. ఆఫీసులో సామాను అట్టపెట్టెల్లో కడుతున్నారు. ప్రింటరు తీగ పీకకముందే ఒక కాపీ తీసుకుని కమలాకర్ ఫిల్మ్ నగర్ వెళ్ళాడు. ఎవరికివ్వాలో తెలియదు. ఇవ్వకుండా ఉండబుద్ధి కాలేదు.

గది ఖాళీగా ఉంది. చెక్క తలకాయలు యూనియనువాళ్ళు పట్టుకుపోయారట. గోడలకు తెల్లరంగు సగందాకా వేసి పనివాళ్ళు భోజనానికి వెళ్ళారు. లక్ష్మీకాంతమ్మ కాగితం తీసుకుని, చదవకుండానే మడిచి చేతిలో పట్టుకుంది.

"పోయిన రోజు మధ్యాహ్నం ఏదో అల్లుతూ కూర్చున్నారండీ. ఎవరడిగారో తెలియదు. తీసి పారేయడానికి చెయ్యి రావట్లేదు నాకు," అని కిటికీ గూటి వైపు చూపించింది.

అరచేతిలో పట్టేంత చెక్కదిమ్మె, దాని మీద గుండుసూదులతో బిగించిన పల్చని జాలీ. జాలీ మీద మీసం ఎడమ సగం ఒత్తుగా, కొసదేరి, నల్లగా మెరుస్తోంది. కుడి సగంలో నాలుగే వెంట్రుకలు, నాలుగోదాని ముడి ఇంకా బిగియలేదు, సూది దానికే వేలాడుతోంది.