సాంబ్రాణి పట్టిన తీగ

మీ కంటికి ఆనను గాని, నేనూ ఒక తీగనే. తలవెంట్రుకను పది పాయలు చేస్తే ఒక పాయంత ఉంటాను. రెండు సూదిమొనల మధ్య నన్ను అతికి, కరెంటు పెట్టి కాల్చి, పెట్రోలు ఇంజను సిలిండర్లోకి దించుతారు. ఇంజనును మండించరు, మోటారుతో ఊరికే తిప్పుతారు. లోపలికి దూసుకొచ్చే గాలి నన్ను ఎంత చల్లారిస్తే అంత వేగమని లెక్క. గాలి జోరుగా తిరిగితే మీ బండికి మైలేజీ పెరుగుతుందట. మీ మైలేజీ కోసం నేను కాలాలి.

కాకినాడ వైపు ఒక ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో స్వర్ణకుమారి చేతిలో పడ్డాను. పిహెచ్‌డిలో ఆమెకది ఆరో ఏడు. గాలి వచ్చే దారిని కొత్తగా వంచి ఒక సిలిండర్ హెడ్, అంటే సిలిండరు మీద బిగించే పైమూత, చేయించింది. అది పాతదానికంటే గాలిని జోరుగా పంపుతుందని నా చేత చెప్పించాలి. చెప్తే డాక్టరేటు, లేకపోతే ముప్పై నాలుగేళ్ల వయసులో ఉత్త చేతులు.

వేగం తెలిసిన గాలి ఊది నన్ను సరిచూసుకుని, పాత హెడ్‌ను కొలవబోతుండగా దసరా వచ్చింది. అటెండరు సత్తిబాబుకు యంత్రమంటే భక్తి. ఇంజనుకు పసుపు రాశాడు, దండ వేశాడు. మూత లేకుండా స్టాండుకు ఉన్న నా దగ్గరికి సాంబ్రాణి తెచ్చి, చిన్నదాన్ని వదిలేస్తే తప్పండి అంటూ ఒంటినిండా పొగ పట్టించాడు. పెద్ద చదువులవాళ్లంతా కళ్లు మూసుకుని దణ్ణం పెట్టారు. ఆ జిడ్డు నాకు దుప్పటిలా పట్టుకుంది. ఇక గాలి తగిలినా సరిగా చల్లబడను. నన్ను మళ్లీ సరిచూడాలని ఒక్కరికీ తోచలేదు.

సెలవులయ్యాక పాత హెడ్‌లో కొలిస్తే గాలి తక్కువని చెప్పాను. హెడ్ మార్చేటప్పుడు స్వర్ణకుమారి నన్ను స్పిరిట్లో ముంచి కడిగింది. కొత్త హెడ్‌లో పాతిక శాతం ఎక్కువని చెప్పాను. పెరిగింది గాలి కాదు, నా ఒంటి శుభ్రం. ల్యాబంతా కాజాలు పంచుకు తిన్నారు.

థీసిస్ ఇవ్వడానికి పది రోజులుందనగా, గ్రాఫులో ఒక చుక్క తక్కువైందని ఆమె పాత హెడ్‌ను మళ్లీ బిగించింది. ఈసారి కొత్తదానికి చెప్పిన అంకే చెప్పాను. మూడుసార్లు కొలిచింది. రిజిస్టరు తిరగేసి, దసరా తేదీ దగ్గర వేలు పెట్టి ఆగిపోయింది. ఆ ముఖం చూసి నాకు జాలి కలిగింది. అందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

గైడు తాతారావుగారికి ఉన్నదున్నట్టు చెప్పింది. కొత్త హెడ్ మీద ఆయన పేరుతో పేపరు అప్పటికే అచ్చయింది.

“మళ్లీ కొలవమని నిన్నెవరన్నారమ్మా? పాతబడిన తీగ మాట పట్టుకుని ఆరేళ్లు నీళ్లపాలు చేసుకుంటావా?” అన్నారాయన.

ఆమె ల్యాబుకొచ్చి నా ముందు కూర్చుంది.

“నువ్వు తప్పు చెప్పలేదు” అంది మెల్లగా.

ఆ మాట ఇన్నాళ్లలో ఎవరూ నాతో అనలేదు. అన్న నోరు మూసుకుని, చిటికెనవేలి గోరుతో నన్ను తెంపింది. తీగ తెగినందువల్ల మళ్లీ కొలవడం కుదరలేదని రిజిస్టర్లో కుదురుగా రాసుకుంది.

నేను బల్ల కింద చెత్తలో ఉన్నాను. ఆమె డాక్టర్ స్వర్ణకుమారి అయి ఆ ల్యాబులోనే పాఠాలు చెబుతోంది. కొలిచే ముందు తీగను ఒకటికి రెండుసార్లు సరిచూడమని విద్యార్థులను గదమాయిస్తుంది. పాత హెడ్‌ను మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వదు.