చెప్పుల కాపలా

ఆదివారం చెరువులో మునిగేది వాళ్ళు, సోమవారం ఆ చెరువును బట్టల్లోంచి పిండేది ఆవిడ. ఇద్దరు పిల్లలవి, మొగుడివి, ఎండలు ముదిరాయంటే చల్లగాలికని దిగే అత్తగారివి, అత్తగారి వెనకే వచ్చే ఆడపడుచు కుటుంబానివి. ఈ ఏడు పిండితే నీళ్ళు పచ్చగా కారుతున్నాయి. మూడుసార్లు జాడించినా తువ్వాళ్ళకు పాచి కంపు వదలదు. "సబ్బు మార్చి చూడవే," అన్నారు అత్తగారు కుర్చీలోంచి. సబ్బుదేం పాపం. తప్పు నీళ్ళదని ఆ ఇంట్లో ఆవిడొక్కదానికే తెలుసు. ఆ నీళ్ళకు రోజూ జ్వరం చూసేది ఆవిడే మరి.

అదే ఉద్యోగం. చెరువుగట్టున మునిసిపాలిటీ వాళ్ళ రెండు గదుల ఆఫీసులో గుమస్తా. పొద్దున్నే రేవు చివరిదాకా నడిచి, తాడుకు కట్టిన థర్మామీటరు నీళ్ళలోకి వదిలి, రెండు నిమిషాలు ఆగి పైకి లాగి, గేటు దగ్గరి నల్లబోర్డు మీద సుద్దతో రాయాలి. గాలి ఇంత, నీళ్ళు ఇంత, ఈతకు అనుకూలం. పదకొండేళ్ళుగా రాస్తోంది. చేరిన కొత్తలో నడి ఎండాకాలంలో కూడా నీళ్ళు ఇరవైనాలుగు దాటేవి కావు. ఇప్పుడు ముప్పై. ఇంట్లో ఆ మాట చెప్తే ఆయన నవ్వాడు. "మంచిదేగా, వేణ్ణీళ్ళ స్నానం అయిపోతుంది."

ఈ పదకొండేళ్ళలో ఆ నీళ్ళలోకి థర్మామీటరు దిగింది గానీ ఆవిడ దిగలేదు. వద్దని ఎవరూ అనలేదు, అదే అసలు తమాషా. ఈ ఊరొచ్చిన మొదటి ఆదివారం పిల్ల చంకలో ఉంది. "కాస్త వీటిని చూస్తుండు," అని ఆయన చెప్పులు, గడియారం, కళ్ళజోడు ఆవిడ ముందు పెట్టి వెళ్ళాడు. తర్వాత పిల్లాడు పుట్టాడు. తర్వాత ఆ చోటు ఆవిడదైపోయింది. చుట్టాలొస్తే తొమ్మిది జతల చెప్పులు, తొమ్మిది తువ్వాళ్ళు, కోసిపెట్టాల్సిన పళ్ళు, ఒడ్డుకొచ్చి చేతులు చాపే తడి మనుషులు. ఆ చెప్పులు ఎత్తుకుపోయే దొంగ ఈ ఊళ్ళో ఇంకా పుట్టలేదు. ఒక్కసారి ఒక కుక్క ఆడపడుచు మొగుడి ఎడమకాలి చెప్పు పట్టుకుపోయింది. దాని మీద వారం రోజులు పంచాయతీ. "అంతసేపూ ఏం చేస్తున్నట్టు?" అన్నాడు ఆయన. ఏం చేస్తుంది, వాళ్ళ పిల్లలకే పళ్ళు కోస్తోంది.

"అమ్మకు నీళ్ళంటే భయం," అని ఎప్పుడో నలుగురిలో నవ్వులాటకు అన్నాడు. అది పిల్లల బుర్రల్లో నిజమై కూర్చుంది. మొన్న కూతురు, పన్నెండేళ్ళది, స్నేహితురాళ్ళకు ఎంతో ప్రేమగా చెప్తోంది. "మా అమ్మను పిలవకండే, పాపం భయం." ఆవిడకు ఒళ్ళు మండింది. ఒక్కరైనా అడిగి చూశారా, భయమో కాదో?

ఈ వేసవిలో ఆడవాళ్ళకు ఈత నేర్పుతామని ఆఫీసు వాళ్ళే పెట్టారు. ఆరు ఆదివారాలు, పొద్దున గంటసేపు. ఆ కాగితం గోడకు అంటించింది ఆవిడే, మొదటి పేరు రాసుకున్నదీ ఆవిడే. ఈతబట్టలు కొనుక్కుని దుప్పట్ల మడతల్లో దాచుకుంది, దొంగసొత్తులాగా. మొదటి ఆదివారం అత్తగారు ఊరినుంచి దిగారు. రెండోది ఆడపడుచు. మూడోది పిల్లాడికి వాంతులు. నాలుగోది ఆయన స్నేహితులు భోజనానికి. ఐదోది అత్తగారి మోకాళ్ళు. ప్రతిసారీ ఆయనది ఒకటే మాట. "వచ్చేవారం పోదువుగానిలే. చెరువెక్కడికి పోతుంది?"

ఈత నేర్పే టీచరమ్మ గట్టు మీద ఆపి అడిగింది. "ఏమ్మా, ఇంకొక్క ఆదివారమే ఉంది. వస్తావా, రావా?"

"వస్తానండీ. ఈసారి ఆకాశం ఊడిపడ్డా వస్తాను."

ఆకాశం ఊడిపడలేదు. శనివారం పొద్దున థర్మామీటరు ముప్పై ఒకటి చూపించింది. తాడు పైకి లాగితే, పచ్చరంగు డబ్బాలో ముంచినట్టు, నీళ్ళు చిక్కగా జారాయి. రేవు కింద చేపలు తెల్లటి పొట్టలు పైకి తేలి ఉన్నాయి. వారం కింద పరీక్షకు పంపిన నీళ్ళ సీసా సంగతి ఫోనులో విని ఆఫీసు పెద్దసారు బయటికొచ్చారు. "విషం పాచట. బోర్డు మార్చెయ్యమ్మా." ఆవిడ తడిబట్టతో తుడిచి, తన చేత్తోనే రాసింది: ఎవరూ దిగరాదు. రాశాక సుద్దముక్క కింద పెట్టబుద్ధి కాలేదు. చెరువెక్కడికి పోతుందన్నాడు, పోయింది.

"ఇక్కడ ఇప్పట్లో పనుండదు," అన్నారు పెద్దసారు. "కొండమీది జలాశయం దగ్గర నీటిమట్టం రాసేందుకు మనిషి కావాలట. ఉండటానికి గది ఇస్తారు. ఇంట్లో అడిగి చెప్పు."

"అక్కడ నీళ్ళలో దిగొచ్చా సార్?"

"తాగే నీళ్ళమ్మా. వేలు కూడా ముంచనివ్వరు."

ఇంట్లో ఒకటే సణుగుడు. "మీ ఆఫీసు వాళ్ళకు సెలవుల్లోనే మూయాలనిపించిందా?" అన్నాడు ఆయన. ఇక ఇక్కడేముందని ఆడపడుచు పెట్టె సర్దుకుంది. మర్నాడు తెల్లారింది, పొద్దెక్కింది, పోయింది. ఇవాళ నీ ఈత ఉండాల్సింది కదా అని ఒక్క నోటివెంటా రాలేదు. ఆవిడ పళ్ళు కోసింది, ఒడ్డున కాదు కాబట్టి వంటింట్లో.

సోమవారం ఆఫీసులో ఇంటింటి సర్వే ఫారాల కట్ట. ఈ ఊరు బతకడానికి ఎంత బాగుందో జనమే రాసిచ్చినవి. కంప్యూటరులోకి ఎక్కించాలి. ఎక్కిస్తూ ఎక్కిస్తూ ఉంటే తెలిసిన చేతిరాత తగిలింది. తమ ఇంటిదే. ఎప్పుడు నింపాడో, ఆవిడతో ఒక్క ముక్క అనలేదు. ఇంట్లో ఉంటున్నవారు, నలుగురు. చెరువులో ఈతకు, షికారుకు దిగేవారు, నలుగురు. అందరికన్నా తీరిక ఎక్కువ ఎవరికి, భార్యకు. ఊళ్ళో మీకు నచ్చింది ఏమిటి అన్నచోట రెండు గీతలు నింపాడు: "ఇక్కడి వాతావరణం. ఆదివారం వస్తే మా ఇంటిల్లిపాదీ నీళ్ళలోనే."

ఆవిడ ఆ వాక్యం రెండుసార్లు చదివింది. ఆయన అబద్ధం రాయలేదు. అదే గుండెలో కలుక్కుమంది. ఒడ్డు మీద ఒక మనిషి కూర్చుని ఉందని ఆయనకు నిజంగానే తెలియదు.

లేచి పెద్దసారు గదిలోకి వెళ్ళింది.

"కొండమీదికి నేను వెళ్తాను సార్."

"ఇంట్లో అడిగావా?"

"లేదండీ."

పెద్దసారు కాగితం ముందుకు జరిపారు. సంతకం పెట్టింది. సంతోషమేమీ కలగలేదు. పిల్లల మొహాలు కళ్ళముందు కదిలాయి. అక్కడా నీళ్ళలో కాలు పెట్టేది లేదు. ఈ జన్మకు ఈత అనేది దుప్పట్ల మడతలో ఉన్నదే. కానీ అక్కడ ఎవరి చెప్పులూ ఉండవు.

తిరిగొచ్చి తమ ఇంటి ఫారం ముందు కూర్చుంది. ఈతకు దిగేవారు నలుగురు అన్నది కొట్టేసి మూడు వేసింది. ఆ తర్వాత మొదటి ప్రశ్నకు వెళ్ళి, ఇంట్లో ఉంటున్నవారు నలుగురు అన్నదీ కొట్టేసి మూడు వేసింది. దిద్దినచోటల్లా గుమస్తా పూర్తి పేరుతో సంతకం ఉండాలని ఆఫీసు రూలు. రెండుచోట్లా తన పేరు పెట్టింది.